లైఫ్‌స్టైల్ రీల్స్ మొదలుపెడుతున్నారా? ఉన్న ఫోనుతో తొలి తొంభై రోజులు ఇలా

ఉద్యోగం చేస్తూనో, ఇల్లు చూసుకుంటూనో, డిగ్రీ అయిపోయి నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూనో ఇన్‌స్టాలో, యూట్యూబ్‌లో లైఫ్‌స్టైల్ పేజీ పెట్టాలనుకునేవాళ్ల కోసం ఇది. చీరలు, వంట, ఇల్లు సర్దుకోవడం, పిల్లల లంచ్ బాక్సులు, పల్లె బతుకు, హాస్టల్ గది... మీది ఏదైనా కావచ్చు. రింగ్ లైటు ఆర్డరు పెట్టే ముందే చదవండి. పెట్టేసి ఉంటే రిటర్న్ గడువు ఎప్పటివరకో చూసుకుని చదవండి.

ముందుగా ఒక వాక్యం రాయండి

"నా రోజు ఎలా గడుస్తుందో చూపిస్తా" అంటే పేజీ నడవదు. హీరోయిన్ కాఫీ తాగినా జనం చూస్తారు, ఆమె ఎవరో తెలుసు కాబట్టి. మీరెవరో తెలియని మనిషి మీ కాఫీ కప్పు దగ్గర ఆగాలంటే అందులో తనకు పనికొచ్చేది ఏదో ఉండాలి. జీవితం కాదు, ఆ జీవితంలో మీకు బాగా చేతనైన ఒక పని చూపించాలి. ఫలానా వాళ్లకు ఫలానా పని చేసి చూపిస్తాను అని కాగితం మీద ఒక్క వాక్యం రాయండి.

కొన్ని నమూనాలు. అమీర్‌పేట, అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి కోచింగ్‌కి వెళ్లేవాళ్లకు స్టవ్ లేకుండా అయ్యే టిఫిన్లు. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టనివ్వని ఓనరు ఉన్నవాళ్లకు సామాను సర్దే మార్గాలు. పోచంపల్లి, గద్వాల, మంగళగిరి చీరలు కొనేవాళ్లకు నేతను గుర్తుపట్టడం, ఉతకడం, దాచడం. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో కొత్త కాపురం పెట్టినవాళ్లకు అక్కడి స్టోర్లలో దొరికే సరుకులతో వారానికి సరిపడా తెలుగు వంట.

వాక్యం రాశాక రెండు పరీక్షలు పెట్టండి. ఒక్కసారి కూర్చుని, లేవకుండా ముప్పై వీడియోల పేర్లు రాయండి. పన్నెండు దగ్గరే పెన్ను ఆగిపోతే విషయం మరీ ఇరుకైనా అయి ఉండాలి, మీకు అనుకున్నంత తెలియకపోయినా ఉండాలి. రెండోది, ప్రతి పేరు పక్కనా ఈ వీడియో చూసినవాళ్లు దీన్ని ఎవరికి పంపుతారో రాయండి: చెల్లికి, ఓనరుతో గొడవపడే స్నేహితుడికి, అమెరికాలో ఉన్న వదినకి. ఎవరికీ పంపరనిపిస్తే కొట్టేయండి. ఈ పరీక్ష ఊరికే చెప్పింది కాదు, దీని సంగతి లెక్కల దగ్గర మళ్లీ వస్తుంది.

యాస మార్చుకోకండి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి మై విలేజ్ షో వీడియోల్లో కనిపించిన గంగవ్వ తన మాట మార్చుకోకుండానే 2020లో బిగ్‌బాస్ ఇంటిదాకా వెళ్లింది. గుంటూరు జిల్లాలో వందేళ్లు దాటిన మస్తానమ్మ నేల మీద కూర్చుని, కట్టెల పొయ్యి మీద వండి లక్షల మందిని చూసేలా చేసింది. ఇద్దరి వెనకా మార్బుల్ కిచెన్ లేదు. కృష్ణా జిల్లా అమ్మాయి టీవీ యాంకర్ తెలుగు మాట్లాడబోతే మొదటి వాక్యంలోనే దొరికిపోతుంది.

పేరు, ఖాతా

పేరును ఫోన్లో ఎవరికైనా ఒక్కసారి చెప్పి టైపు చేయమనండి. తప్పు కొడితే ఆ పేరు వద్దు. దీర్ఘాలు, ఒత్తులు ఎక్కువుండే పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో తలా ఒక రకంగా రాస్తారు. చివర అంకెలు, అండర్‌స్కోర్లు తగిలించినా అదే తిప్పలు. ఇన్‌స్టాలో, యూట్యూబ్‌లో ఒకే పేరు దొరికేదాకా వెతకండి.

పేజీకి వేరే ఈమెయిల్ తెరవండి, వీలైతే వేరే సిమ్ తీసుకోండి. ఇన్‌స్టాలో ప్రొఫెషనల్ ఖాతాకు మారేటప్పుడు క్రియేటర్, బిజినెస్ అని రెండు దారులు కనిపిస్తాయి. క్రియేటర్ ఎంచుకోండి. బిజినెస్ ఖాతాలకు సినిమా పాటల్లో చాలా భాగం అందుబాటులో ఉండదు. బయోలో కవిత్వం వద్దు, కాగితం మీద రాసుకున్న వాక్యమే పెట్టండి. పాత ఖాతానే వాడుతుంటే హాల్‌టికెట్లు, బండి నంబరు, ఇంటి ముందు దిగిన ఫొటోలు అన్నీ ఆర్కైవ్‌లోకి పంపేయండి.

ఏది ముందు కొనాలి

మైకు, ఆ తర్వాత ట్రైపాడ్. లైటు ఆఖర్న, అదీ అవసరమైతేనే. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం ఓర్చుకుంటారు గానీ, మాట వినపడకపోతే వేలు పైకి జరిపేస్తారు.

ఫోనులో గుచ్చే రిసీవరుతో వచ్చే వైర్‌లెస్ కాలర్ మైకు వెయ్యి, పదిహేను వందల్లో దొరుకుతుంది. మీ ఫోనుది టైప్-సీ పోర్టా, లైట్నింగా చూసుకుని కొనండి. చీర కట్టుకుంటే మైకును పైట మడత మీద కాదు, జాకెట్ మెడ అంచుకు పెట్టాలి. పైట రాసుకుంటే వచ్చే గరగర శబ్దాన్ని ఏ ఎడిటింగ్ యాపూ పూర్తిగా తీయలేదు. మట్టి గాజులు, పట్టీలు మాట్లాడే షాట్లలో తీసి పక్కన పెట్టండి. ఫ్యాన్ ఆపక తప్పదు, చెమట పడితే షాట్ల మధ్య వేసుకోండి. పక్కింటి మిక్సీ, వీధిలో ఉల్లిపాయల ఆటో మైకు ఏ సమయంలో వస్తాయో రెండు రోజులు గమనిస్తే మీ ఇంట్లో నిశ్శబ్దంగా ఉండే గంట ఏదో తెలుస్తుంది.

ట్రైపాడ్ ఆరేడు వందలది చాలు, కాళ్లు ఊగకపోతే సరి. వంట పైనుంచి తీయాలంటే మాత్రం అడ్డంగా చాచే కడ్డీ ఉన్నది కావాలి. ఆ కడ్డీ చివర ఫోను పెట్టేముందు అవతలి కాలికి నీళ్ల బాటిల్ కట్టండి. లేకపోతే ఫోను సాంబారులో పడుతుంది.

వెలుతురుకి కిటికీ చాలు. కిటికీ మీ వెనక ఉండకూడదు, ముఖం నల్లబడిపోతుంది. ముఖానికి ఎదురుగా, కొంచెం పక్కకు ఉండాలి. ఎండ నేరుగా పడుతుంటే పల్చటి తెల్ల దుప్పటి అడ్డం కట్టండి. ముఖానికి రెండోవైపు నీడ గాఢంగా ఉంటే స్టేషనరీ షాపులో దొరికే థర్మాకోల్ షీటు ఆ పక్కన నిలబెట్టండి. ఉదయం ఎనిమిది నుంచి పది మధ్య వెలుతురు చాలా ఇళ్లలో బాగుంటుంది. రింగ్ లైటు కళ్లజోడులో, స్టీలు గిన్నెల్లో, గ్రానైటు గట్టు మీద తెల్లటి సున్నాలా కనిపిస్తుంది. వంట, ఇల్లు చూపించేవాళ్లకు అది దాదాపు దండగ.

ఫోను సెట్టింగులు

వీడియో 1080పీ, 30 ఎఫ్‌పీఎస్ (సెకనుకు ముప్పై ఫ్రేములు) పెట్టండి. నిలువు వీడియో కొలత 1080 బై 1920. 4కేలో తీస్తే మామూలు ఫోను వేడెక్కుతుంది, నిండిపోతుంది, ఎడిటింగ్‌లో ఆగిపోతుంది. ఒక రీల్‌కి పది పదిహేను నిమిషాల ముడి వీడియో అవుతుంది. 1080పీలోనే అది ఒకటి నుంచి రెండు జీబీ తింటుంది. షూటింగుకు ముందు ఐదు జీబీ ఖాళీ ఉండేలా చూసుకోండి.

సెల్ఫీ కెమెరా కాదు, వెనక కెమెరా. లెన్సును మెత్తటి నూలు గుడ్డతో తుడవండి. వంటింట్లో తీసే వీడియోలు పొగమంచులో తీసినట్టు ఉండటానికి చాలాసార్లు వేలి జిడ్డే కారణం. స్క్రీన్ మీద ముఖం దగ్గర వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు లాక్ అవుతాయి. లాక్ చేయకపోతే తెల్ల చీర కదిలినప్పుడల్లా ముఖం నల్లబడి తెల్లబడుతుంది. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. బాగా వచ్చిన టేకులోనే అత్తగారి ఫోను వస్తుంది.

ట్యూబులైటు, ఎల్‌ఈడీ బల్బుల కింద తీస్తే వీడియోలో నల్లటి చారలు పాకుతున్నట్టు కనిపిస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్. దానికీ కెమెరా వేగానికీ పొత్తు కుదరకపోతే ఇలా అవుతుంది. కెమెరా సెట్టింగుల్లో యాంటీ ఫ్లికర్ ఉంటే 50 హెర్ట్జ్ ఎంచుకోండి. ప్రో మోడ్ ఉంటే షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టండి. ఏదీ లేకపోతే లైట్లు ఆపేసి కిటికీ దగ్గరకు జరగండి.

మొదటి మూడు సెకన్లు, తర్వాతి ఇరవై ఏడు

"హాయ్ ఫ్రెండ్స్, వెల్‌కమ్ బ్యాక్ టు మై ఛానెల్, ఈరోజు వీడియోలో..." ఇది చెప్పేసరికి ఐదు సెకన్లు అయిపోతాయి, చూసేవాళ్లూ అయిపోతారు. మొదటి మూడు సెకన్లలో చెయ్యి ఏదో చేస్తూ ఉండాలి, నోరు విషయం చెప్పేస్తూ ఉండాలి. చీరల పేజీకి ముప్పై సెకన్ల రీల్ ఒకటి ఇలా రాయొచ్చు.

0–3 సెకన్లు: చేతిలో చీర, దాన్ని తిరగేయడం. "పోచంపల్లి అని అమ్మారు. వెనక్కి తిప్పితే దొరికిపోయింది."
3–12: ప్రింటు చీర, అసలు చీర పక్కపక్కన, రెండూ వెనకవైపు. "పోచంపల్లి ఇక్కత్‌లో ముందు నూలుకి ముడులు కట్టి రంగు అద్దుతారు, తర్వాత నేస్తారు. అందుకే రెండువైపులా ఒకేలా ఉంటుంది. ప్రింటు అయితే వెనక వెలవెలబోతుంది."
12–22: డిజైను అంచు బాగా దగ్గర నుంచి. "అంచు కొంచెం చెదిరినట్టు ఉండాలి. స్కేలు పెట్టి గీసినట్టు ఉంటే అనుమానించండి."
22–30: మడత విప్పుతున్న చెయ్యి. "షాపులో కొంగు చూపిస్తారు. మీరు లోపలి మడత విప్పమనండి."

అక్కడే ఆపేయండి. "లైక్ చేయండి, షేర్ చేయండి" అని అడుక్కోవద్దు. ముప్పై సెకన్లకు యాభై, అరవై మాటలు పడతాయి, అంతకు మించితే రైలెక్కినట్టు చదవాల్సి వస్తుంది. ఆ చీర ఏ షాపులో కొన్నారో మాత్రం చెప్పకండి. ఒక్క రీల్ కోసం లాయరు నోటీసు తెచ్చుకోవడం ఎందుకు.

షాట్లు తీసేటప్పుడు ఒకే పనిని మూడు దూరాల నుంచి తీయండి: గది కనపడేలా, నడుము వరకు, చేతులు మాత్రమే. ప్రతి షాటు మొదట్లో, చివర్లో రెండు సెకన్లు ఊరికే వదలండి. ఈ రెండు సెకన్లు వదలకపోతే కోత పెట్టడానికి చోటుండదు, మాట మొదటి అక్షరం తెగిపోతుంది. మాట్లాడే షాటు మొదటిది తీశాక ఆపి, వినండి. మైకు ఆన్ చేయడం మరిచిపోయి మొత్తం తీసేయడం అందరికీ ఒక్కసారైనా అయ్యే పని.

ఎడిటింగ్‌లో తెలుగు తిప్పలు

కోతలు నేర్చుకోవడం రెండు రోజుల పని. మాటల మధ్య ఊపిరి, "అంటే", "సో", "యాక్చువల్లీ" తీసేస్తే సగం ఎడిటింగ్ అయినట్టే. ఆ మిగతా సగం తెలుగు అక్షరాలతో వస్తుంది. కొన్ని యాపుల్లో ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి, "స్త్రీ" లాంటి మాట ముక్కలవుతుంది. యూనికోడ్ ఫాంటు పెడితే చాలావరకు సర్దుకుంటుంది. రామభద్ర, మల్లన్న, మండలి, సురవరం ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. లావుగా ఉండే రామభద్ర శీర్షికకి, మండలి కింద వచ్చే మాటలకి బాగుంటాయి. ఇంకా విడిపోతుంటే ఆ మాటను వేరే యాపులో ఫొటోగా చేసి వీడియో మీద అతికించండి. ఆటోమేటిక్ సబ్‌టైటిళ్లను నమ్మి వదిలేయకండి. యాసకి అవి రాసే తెలుగు చూస్తే నవ్వొస్తుంది, మీ కామెంట్లలో వాళ్లకూ వస్తుంది.

అక్షరాలు స్క్రీన్ అడుగు భాగాన, కుడి అంచున పెట్టొద్దు. అక్కడ క్యాప్షను, లైకు గుర్తులు కప్పేస్తాయి. తలకి పైనుండే ఖాళీ, లేదంటే ఛాతీ దగ్గరి భాగం భద్రమైన చోటు.

పాటల సంగతి. ఇన్‌స్టా లైబ్రరీలో సినిమా పాట దొరికింది కదా అని కంపెనీ కోసం చేసే రీల్‌కి వాడకూడదు. ఆ అనుమతి సొంత వాడకానికి మాత్రమే. ప్రకటనలకు మెటా సౌండ్ కలెక్షన్, యూట్యూబ్‌కి దాని ఆడియో లైబ్రరీ వాడండి. యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ (పాటను తనంతట తానే గుర్తుపట్టే ఏర్పాటు) క్లెయిమ్ వస్తే సాధారణంగా ఆ వీడియో డబ్బు పాట హక్కుదారుడికి పోతుంది, అంతే. కాపీరైట్ స్ట్రైక్ వేరు. అవి తొంభై రోజుల్లో మూడు పడితే ఛానెలే పోవచ్చు.

వారానికి ఎన్ని

రోజూ ఒకటి అని మొక్కుకోకండి, మూడో వారానికి ఇల్లు, ఆరోగ్యం రెండూ చెడతాయి. వారానికి మూడు రీల్స్, రెండు వారాలకు ఒక ఎనిమిది పది నిమిషాల యూట్యూబ్ వీడియో చాలు. మొదట్లో ముప్పై సెకన్ల రీల్‌కి అన్నీ కలిపి నాలుగైదు గంటలు పడుతుంది. నెల తిరిగేసరికి అది రెండు గంటలకు దిగాలి, దిగకపోతే మీరు షూటింగ్‌కి ముందు రాసుకోవట్లేదని అర్థం. ఆదివారం ఉదయం ఆ వారం మూడు రీల్స్‌కీ కలిపి తీసేయండి, మధ్యలో చీరో, దుపట్టానో మార్చుకుంటే చాలు. ఎడిటింగ్ రాత్రుళ్లు చేసుకోవచ్చు. తొంభై రోజుల్లో ముప్పై ఐదు, నలభై రీల్స్ అవుతాయి. అన్ని చేశాకే ఏది నడుస్తుందో, ఏది నడవదో చెప్పగలరు.

ఫాలోవర్లను కొనకండి. వెయ్యి మందికి ఇంత అని అమ్మేవాళ్లు ఇచ్చేవి ఖాళీ ఖాతాలు. మీ వీడియో వాళ్ల ముందుకు వెళ్తుంది, ఎవరూ చూడరు, జనానికి నచ్చని వీడియో అని లెక్క పడుతుంది. పైగా కంపెనీలవాళ్లు మొదట చూసేది అదే: యాభై వేల ఫాలోవర్లు, రీల్‌కి మూడొందల వ్యూలు.

అంకెలు చదవడం

లైకులు చూసి సంబరపడొద్దు. ఇన్‌స్టా అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో ముఖ్యమైనవిగా మూడు చెప్పాడు: ఎంతసేపు చూశారు, చూసినవాళ్లలో ఎందరు లైక్ కొట్టారు, ఎందరు వేరేవాళ్లకు పంపారు. పరిచయం లేనివాళ్లకు చేరాలంటే పంపడమే ఎక్కువ పని చేస్తుంది. పేర్ల జాబితా పక్కన ఎవరికి పంపుతారో రాయమన్నది ఇందుకే.

రీల్ పెట్టిన రెండో రోజు ఇన్‌సైట్స్ (ఇన్‌స్టా లెక్కల పేజీ) తెరిచి, ఏ సెకనులో ఎంతమంది మిగిలారో చూపే గీత చూడండి. మూడో సెకను లోపలే సగం మంది పోతే మొదటి వాక్యం తప్పు. విషయం మంచిదైతే మొదలు మార్చి మళ్లీ పెట్టొచ్చు. మొదలు బాగుండి మధ్యలో జారిపోతే అక్కడ ఒకే షాటు ఎక్కువసేపు ఉందేమో చూడండి. చివరిదాకా చూసి కూడా ఎవరూ ఫాలో కాకపోతే తప్పు ఆ రీల్‌ది కాదు, మీ పేజీది. లోపలికి వచ్చి చూస్తే ఒకటి వంట, ఒకటి డ్యాన్సు, ఒకటి తిరుపతి ప్రయాణం కనిపించి ఉంటాయి. మీ ఖాతాలో ట్రయల్ రీల్స్ సదుపాయం కనిపిస్తే ప్రయోగాలు దాంట్లో చేయండి. అది ముందు మిమ్మల్ని ఫాలో కానివాళ్లకే చూపిస్తుంది.

డబ్బు ఎక్కడ నుంచి వస్తుంది

రీల్‌కి లక్ష వ్యూలు వస్తే ఇన్‌స్టా ఇంత ఇస్తుందన్న మాట నమ్మకండి. ప్రకటనల్లో వాటా ఇచ్చే పద్ధతి యూట్యూబ్‌ది. అక్కడ ప్రకటనల ఆదాయం మొదలవ్వాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, దాంతోపాటు గత 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ గానీ, గత 90 రోజుల్లో షార్ట్స్‌కి (యూట్యూబ్‌లోని చిన్న నిలువు వీడియోలు) కోటి వ్యూలు గానీ ఉండాలి. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ 4,000 గంటల్లోకి రాదు. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. మీ పది నిమిషాల వీడియోను సగటున నాలుగు నిమిషాలు చూస్తున్నారనుకుంటే మొత్తం 60,000 వ్యూలు కావాలి. అందుకే రెండు వారాలకొక పెద్ద వీడియో అన్నది.

పెద్ద వీడియోల ప్రకటనల్లో 55 శాతం మీకు, షార్ట్స్‌లో మీ వంతు లెక్కలోంచి 45 శాతం. యాడ్‌సెన్స్‌లో (యూట్యూబ్ డబ్బు జమయ్యే గూగుల్ ఖాతా) 10 డాలర్లు చేరాక ఇంటికి పోస్టులో పిన్ వస్తుంది, చిరునామాలో ల్యాండ్‌మార్క్ రాయకపోతే పోస్ట్‌మ్యాన్ చేతిలోనే ఆగిపోతుంది. 100 డాలర్లు దాటితేనే బ్యాంకుకి వేస్తారు. అమెరికా పన్ను ఫారం నింపడం మరిచిపోకండి. నింపితే అమెరికాలో చూసినవాళ్ల వల్ల వచ్చిన దానిలో మాత్రమే 15 శాతం కోత పడుతుంది. నింపకపోతే కోత మొత్తం ఆదాయం మీద పడొచ్చు. అమెరికా తెలుగువాళ్లు ఎక్కువగా చూసే ఛానెళ్లకు ఇది చిన్న విషయం కాదు.

చిన్న పేజీకి నిజంగా డబ్బు వచ్చేది కంపెనీల నుంచి, ఊళ్లోని బొటిక్కుల నుంచి. మొదట అందరూ వస్తువే ఇస్తామంటారు. "అక్కా, జుంకాలు పంపిస్తాం, ఒక్క రీల్ చేసిపెట్టక్కా" అంటారు. మూడొందల రూపాయల జుంకాలకి ఆరు గంటల పని. మొదటి రెండు మూడు నమూనా కోసం ఒప్పుకోండి, తర్వాత మానేయండి. ధర వేయడానికి సూటి మార్గం ఉంది: రాయడం, తీయడం, ఎడిటింగ్, వాళ్లు చెప్పే మార్పులు కలిపి ఎనిమిది గంటలు, గంటకి 250 అనుకుంటే 2,000. అది అడుగు ధర. మీ వీడియోను వాళ్లు తమ ప్రకటనగా నడుపుకోవాలంటే విడిగా అడగండి. నెలపాటు ఇంకో చీరల షాపుకి చేయకూడదంటే దానికీ విడిగా.

ఒప్పుకునే ముందు వాట్సాప్‌లోనైనా సరే ఇలా రాసి పంపి, సరేనన్న జవాబు తీసుకోండి:

"నమస్తే అండి. ఒక రీల్ (30–40 సెకన్లు), రెండు స్టోరీలు. స్క్రిప్టు ముందుగా పంపుతాను, మార్పులు ఒకసారి. సగం డబ్బు ముందు, మిగతాది పోస్ట్ చేసిన ఏడు రోజుల్లో. వీడియో నా పేజీలోనే ఉంటుంది, మీరు ప్రకటనగా వాడాలంటే విడిగా మాట్లాడుకుందాం. ఇది ప్రకటన అని వీడియోలో రాస్తాను. సరేనంటే చెప్పండి."

ప్రకటన అని రాయడం మీ దయ కాదు, నియమం. ప్రకటనల ప్రమాణాల మండలి ఏఎస్‌సీఐ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 15 సెకన్ల లోపు వీడియోలో కనీసం 3 సెకన్లు, 15 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు వీడియోలో మూడో వంతు సేపు ఆ గుర్తు కనపడాలి. కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో చెప్పింది కూడా అదే దారి: వీడియో ఏ భాషలో ఉంటే ఆ భాషలో, హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచకుండా చెప్పాలి. "ప్రకటన" అని తెలుగులో పైన పెద్దగా రాస్తే సరిపోతుంది. తప్పుదారి పట్టించే ప్రకటన చేస్తే వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారికే 10 లక్షల దాకా జరిమానా ఉంది. డబ్బు తీసుకోలేదు, వస్తువే తీసుకున్నాను అన్నా వదలరు.

పన్ను లెక్క కూడా అలాగే. 2022 జూలై 1 నుంచి ఒక సంస్థ మీకిచ్చి, మీ దగ్గరే ఉండిపోయిన వస్తువుల విలువ ఏడాదికి 20,000 రూపాయలు దాటితే 10 శాతం టీడీఎస్ (ఇచ్చేవాళ్లే ముందుగా పట్టుకునే పన్ను) వర్తిస్తుంది. ఫోను ఇచ్చి రివ్యూ అడిగితే ఇది గుర్తు పెట్టుకోండి. ఏ నెలలో ఎవరు ఎంత ఇచ్చారు, ఏ వస్తువు ఇచ్చారు అన్నది ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే చాలు, మిగతాది ఆడిటరు చూసుకుంటారు.

వద్దని చెప్పాల్సినవి

బెట్టింగ్ యాపులు అందరికంటే ఎక్కువ ఇస్తామంటాయి. 2025 మార్చిలో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఈ యాపుల ప్రచారం మీద సినిమావాళ్లు, ఇన్‌ఫ్లుయెన్సర్లు అని చూడకుండా కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. "కలర్ ప్రిడిక్షన్", "ఏవియేటర్", "టెలిగ్రామ్‌లో చేరండి" అన్న మాట వినిపిస్తే నంబరు బ్లాక్ చేయండి.

ముఖం తెల్లబడే పేరులేని క్రీములు, షుగరు తగ్గించే పొడులు, షేర్ మార్కెట్ టిప్పులు కూడా వద్దు. ఆరోగ్యం, పెట్టుబడి విషయాల్లో సలహా ఇవ్వాలంటే తగిన అర్హత చూపించాలి, ఫలానా షేరు కొనమని చెప్పాలంటే షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి. పచ్చళ్లు అమ్ముదామనుకుంటే ముందు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్, తర్వాతే రీల్.

రైలు పట్టాల మీద, నడిరోడ్డు మీద తీయకండి. తిరుమల ఆలయం ముందు, మాడ వీధుల్లో రీల్స్ చేస్తే చర్యలు తప్పవని టీటీడీ 2025లో చెప్పింది. షాపులో తీయాలంటే ఓనరును అడగండి, వెనక కనపడే మిగతా కొనుగోలుదారులను తప్పించండి.

ఇంట్లోవాళ్లు, ఇల్లు, ఖాతా

మీ ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోతే వాళ్ల వేళ్లు కూడా ఫ్రేములో రానివ్వకండి. అత్తగారు నవ్వుతూ చెయ్యి ఊపారంటే ఒప్పుకున్నట్టు కాదు, పోస్ట్ చేసేముందు ఒకసారి చూపించండి. పిల్లల స్కూలు యూనిఫాం, బ్యాడ్జి, బస్సు నంబరు కనపడకూడదు. స్నానం, ఏడుపు, మార్కులు అసలు తీయొద్దు, పదేళ్ల తర్వాత అవి వాళ్ల క్లాస్‌మేట్లకు దొరుకుతాయి. హోమ్ టూర్‌లో మెయిన్ డోర్ తాళం, బీరువా గది, బాల్కనీ నుంచి కనపడే వీధి బోర్డు చూపించకండి. ఊరు వెళ్తే తిరిగొచ్చాక పోస్ట్ చేయండి.

బూతు కామెంట్లకు ఇన్‌స్టాలో దాచే మాటల జాబితా పెట్టుకునే వీలుంది. ప్రతి బూతునూ తెలుగు అక్షరాల్లో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో నాలుగైదు రకాలుగా రాసి చేర్చండి, మనవాళ్లు ఒకే మాటను ఐదు స్పెల్లింగుల్లో తిడతారు. బెదిరింపు, ఫొటో మార్ఫింగ్ వంటివి వస్తే డిలీట్ చేసే ముందు స్క్రీన్‌షాట్, ప్రొఫైల్ లింకు దాచుకుని cybercrime.gov.in లో ఫిర్యాదు చేయండి.

పేజీ పెరిగేకొద్దీ ఖాతా దొంగలు వస్తారు. "మీ రీల్ మీద కాపీరైట్ కేసు పడింది, ఈ లింకులో అప్పీలు చేయండి", "బ్లూ టిక్ ఇస్తాం", "కొలాబ్ వివరాలు ఈ జిప్ ఫైల్లో ఉన్నాయి, పాస్‌వర్డ్ ఇదిగో" అని మెసేజులు వస్తాయి. ఆ ఫైలు ల్యాప్‌టాప్‌లో తెరిస్తే ఓటీపీ అడగకుండానే మీ లాగిన్ అవతలికి పోగలదు. టూ-స్టెప్ వెరిఫికేషన్ ఎస్సెమ్మెస్‌తో కాకుండా ఆథెంటికేటర్ యాపుతో పెట్టండి. ఆ సమయంలో ఇచ్చే బ్యాకప్ కోడ్లను ఫోనులో స్క్రీన్‌షాట్ తీసి ఉంచకండి, ఫోను పోతే అవీ పోతాయి. కాగితం మీద రాసి, ఇంటి పత్రాలు పెట్టే కవర్లోనే పెట్టండి.